పన్నెండు రోజులు తోడని బావి

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇల్లు అమ్మి చూడమని ఎవరూ అనలేదు. అనుంటే, మా ఇంట్లో ఎన్ని పనులు ఎన్నేళ్ళుగా మూలన పడి ఉన్నాయో నాకు కాస్త ముందే తెలిసేది.

మా ఆయన చెన్నబసప్ప జహీరాబాద్ సంతలో ఎద్దుల దలాలి. ఎనభై మూడు నాటికి ఊళ్ళలోకి ట్రాక్టర్లు వచ్చేశాయి. పొద్దున సంతకు పోయిన మనిషి ఒక్క జత కూడా అమ్మించకుండా సాయంత్రం ఉత్త చేతులతో రావడం మొదలైంది. అప్పుడే చిరాగ్‌పల్లి దగ్గర, బొంబాయి రోడ్డు పక్కన, లారీలు ఆగే చోట ఒక రేకుల షెడ్డు అమ్మకానికి వచ్చింది. అందులో హోటల్ పెట్టాలని మా ఆలోచన. జొన్నరొట్టెలు నేను చేస్తాను, గల్లా ఆయన చూసుకుంటాడు. షెడ్డు ఆసామి పదహారున్నర వేలు చెప్పి, శివరాత్రి దాకా ఆగుతానన్నాడు. మాకున్న ఆస్తి జహీరాబాద్‌లోని ఈ ఇల్లొక్కటే.

ఇంట్లో లోపం లేదా అంటే ఉంది. పెరట్లో బావి. వానలు పడ్డాక చూస్తే కళ్ళు చల్లబడేంత నీళ్ళుంటాయి. శివరాత్రి దాటిందంటే బొక్కెన అడుగు రాయికి తగులుతుంది. మళ్ళీ మృగశిర కార్తెలో మిరుగం వానలు పడేదాకా, నాలుగు నెలలు, అర మైలు దూరం నుంచి నీళ్ళు తేవాలి. తేవాలి అంటే నేను తేవాలి. కిందటి ఎండాకాలం ఒక గుమాస్తా భార్యతో కలిసి ఇల్లు చూడటానికి వచ్చాడు. ఆమె నేరుగా బావి దగ్గరికి పోయి, వంగి చూసి, చాయ్ కూడా తాగకుండా మొగుణ్ణి లాక్కుపోయింది. ఆ మాట పాకిపోయి, తర్వాత వచ్చినవాళ్ళెవరూ పన్నెండు వేలు దాటలేదు. అందుకే ఈసారి మాఘం మొదట్లోనే, నీళ్ళున్నప్పుడే, పద్దెనిమిదికి తగ్గకుండా అమ్మేయాలనుకున్నాం. పద్దెనిమిదైతే షెడ్డూ వస్తుంది, రిజిస్ట్రీ ఖర్చూ వెళ్తుంది, గిన్నెలకూ వెనకవైపు రేకులకూ ఇంత మిగులుతుంది.

మా ఆయనకు ఇల్లు అమ్మడం తెలియదు, ఎద్దును అమ్మడం తెలుసు. కాబట్టి ఇంటిని ఎద్దులాగే తయారు చేశాడు. కొమ్ములు చెక్కి నూనె రాసినట్టు తలుపులు గీకించి నూనె పట్టించాడు. ఆ వాకిలి తలుపు తొమ్మిదేళ్ళుగా కిర్రుమంటోంది. రెండు చుక్కలు నూనె వేయవయ్యా అని నేను మొత్తుకుంటే, దొంగలొస్తే తెలుస్తది ఉండనీ అన్న మనిషే ఈయన. గోడలకు నీలిమందు కలిపిన సున్నం, అరుగులకు ఎర్రమట్టి జాజు. వంటింట్లో పొగ పోయే సందు పూడుకుపోయి ఎన్నాళ్ళుగానో నా కళ్ళు మండుతుంటే పట్టనివాడు, ఇప్పుడు మేస్త్రీని పిలిచి దాన్ని తెరిపించాడు. పొగ తిన్నగా పైకి పోతుంటే చూసి నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. అంతటితో ఆగాడా? పక్కింటి అనంతమ్మను బతిమాలి వాళ్ళ పాడి బర్రెను తెచ్చి మా కొట్టంలో కట్టాడు.

"ఇదెందుకయ్యా?" అన్నాను.

"పాడి ఉన్న ఇల్లంటే గిరాకి వేరే ఉంటదే. నువ్వు జర సప్పుడు చెయ్యకు."

"కొన్నోడు బర్రెను సుత తోలుకపోతనంటే?"

"ఆ ఫికర్ నాకిడిచిపెట్టు," అన్నాడు. పైన పటారం, లోన లొటారం అని నేను లోలోపల అనుకున్నాను.

ఇక బావి. సంతకు తోలే ముందు ఎద్దుకు ఉప్పు నాకించి కడుపు నిండా నీళ్ళు తాగిస్తారు. డొక్కలు నిండి పుష్టిగా కనిపిస్తుంది. అదే ఉపాయం బావికీ పట్టించాడు మా ఆయన. పన్నెండు రోజులు ఒక్క బొక్కెన కూడా తోడకూడదు, ఊట ఊరి నీళ్ళు పైకి వస్తాయి అన్నాడు. మరి ఆ పన్నెండు రోజులు మాకూ, ఆ అరువు బర్రెకూ నీళ్ళెక్కడివి? మళ్ళీ నా నెత్తి మీదే. బావి ఉండగా బయటి నీళ్ళు మోస్తున్నావేమని దారిలో ఆడవాళ్ళు అడిగితే, మొక్కు ఉన్నదని అబద్ధం చెప్పాను.

ఉన్న మాట చెప్పాలి. ఈ ఉపాయానికి నేను అడ్డు చెప్పలేదు. పదహారేళ్ళు మోసిన నీళ్ళకు ఇప్పుడైనా నాలుగు రాళ్ళు వస్తే రానీ అనుకున్నాను.

పదమూడో రోజు పొద్దున శరణప్ప వచ్చాడు. న్యాల్‌కల్ దిక్కు రైతు. మా ఆయన చేతి మీదుగా రెండుసార్లు ఎద్దులు కొన్నవాడు. కొడుక్కి చక్కెర ఫ్యాక్టరీలో కొలువు దొరికిందట, కొడుకునూ కోడలినీ పట్నంలో పెట్టడానికి ఇల్లు కావాలి. కొడుక్కి సెలవు దొరక్క కోడలిని మాత్రం వెంటబెట్టుకొచ్చాడు. పేరు సంగమ్మ, ఇరవై నిండాయో లేదో. శరణప్ప గోడలు తట్టి చూశాడు. మిద్దె ఎక్కి మడమలతో తొక్కి చూశాడు. బావిలోకి ఒక్కసారి తొంగి చూసి "నీల్లున్నయి" అనేసి, వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. మా ఆయన భుజం మీది రుమాలు తీసి ఇద్దరి చేతుల మీద కప్పాడు. దలాలీల బేరం అంతే. ధర నోటితో చెప్పరు, రుమాలు కింద వేళ్ళు పట్టుకుని చెప్పుకుంటారు.

నేను సంగమ్మతో పెరట్లోనే ఉన్నాను. ఆ పిల్ల బావి గట్టు పట్టుకుని లోపలికి చూస్తూ కదలడం లేదు.

"పెద్దమ్మా, ఇంట్లనే బాయి!" అంది. "ఒక్క బొక్కెన తోడనా?"

తోడుకుంది. ముఖం మీద చల్లుకుంది, కాళ్ళ మీద పోసుకుంది, నీళ్ళు చీరంతా తడిపినా పట్టించుకోలేదు. కొంగు వెనక్కి జారింది. చూస్తే నడినెత్తిన వెంట్రుకలు పలచబడి ఉన్నాయి. అంత చిన్న వయసుకే. నా చెయ్యి నాకు తెలియకుండానే నా నెత్తి మీదికి పోయింది.

"ఇగ నెత్తిన కుండ కింద చుట్టబట్టతోని పని లేదు నాకు," అని నవ్వింది.

పదహారేళ్ళ కింద నన్ను ఈ ఇంటికి ఇచ్చింది కూడా ఈ బావిని చూసే. మా నాయన హుమ్నాబాద్ వైపు నుంచి కార్తీకంలో వచ్చి సంబంధం చూసుకుని పోయాడు. పిల్లకు నీళ్ళ బాధ లేదని మా అమ్మతో చెప్పి మురిసిపోయాడు. నేనూ ఎగురుకుంటూ వచ్చాను. మొదటి ఎండాకాలం బావి అడుగంటితే, ఇదేమిటి అత్తా అని అడిగాను. "ఎండకాలం బాయిలెండవా?" అని అత్త నా చేతికి కుండ ఇచ్చింది. మా నాయనకు దాచారో, ఆయనే అడగలేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఇప్పుడు ఆ అత్త నిలబడ్డ చోట నేను నిలబడి ఉన్నాను. నా మీద నాకే రోత పుట్టింది.

"సంగమ్మా," అన్నాను. "గీ నీల్లు శివరాత్రి దాకనే బిడ్డా. పన్నెండు దినాల సంది తోడకుంట నింపి పెట్టినం. ఎండకాలం నాలుగు నెలలు అర మైలు పోయి తెచ్చుకోవాలె."

బొక్కెన విసిరికొట్టి మామను పిలుస్తుంది అనుకున్నాను. ఆ పిల్ల వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టుకుంది.

"నాలుగు నెలలేనా?" అంది. "మా ఊర్ల పన్నెండు నెలలు మోస్త పెద్దమ్మా. మా మామకు చెప్పకు. చెప్తే కొనడు." తడి చేతులతో నా రెండు చేతులూ పట్టుకుంది.

నా గోస ఆ పిల్లకు అదృష్టంగా కనిపించింది. నాకు ఏడుపు ఆగలేదు. నేను నోరు మూసుకుంటే పిల్లకు మేలు, మాకు పద్దెనిమిది వేలు. కానీ తెలిసి మోసినా తెలియక మోసినా బరువు బరువే కదా. పైగా ఏ పాపమూ తెలియని శరణప్పకు ఎండిపోయే బావిని అంటగట్టడం. నా కాళ్ళు వాకిటి వైపు నడిచాయి. సంగమ్మ నా కొంగు పట్టుకుని వెనకే వచ్చింది.

అరుగు మీద బేరం అప్పుడే తెగింది. రుమాలు తీసేసి మా ఆయన మీసం దువ్వుకుంటున్నాడు. అంటే పద్దెనిమిది వచ్చింది.

"కాయితాలు ఎవరి పేరున్నయి?" అని శరణప్ప అడిగాడు.

"ఆమె పేరున్నయి. దాయాదులతోని లొల్లి అయినప్పుడు మా నాయన రాసిండు. ఏమున్నది, సంతకం పెడ్తది. ఏమే, బెల్లం తేపో."

బెల్లం నోట్లో పడితే మాట ఖాయమైనట్టే. నేను లోపలికి పోలేదు. అక్కడే నిలబడి బావి సంగతంతా చెప్పేశాను. ఆరు వేలు పోయాయి, షెడ్డు పోయింది, పడరాని పాట్లన్నీ పడి చివరికి నా చేత్తో నేనే చెడగొట్టుకున్నాను అనుకున్నాను.

శరణప్ప నవ్వాడు.

"గంతేనా? ఎండితే ఎండనీ. నీల్లు తెచ్చెటోల్లు ఆడోల్లు గద. గోడలు గట్టిగున్నయి, మిద్దె గట్టిగున్నది, నాకు గది సాలు. బెల్లం తే చెల్లె."

మా ఆయన కూడా నవ్వాడు. పోయిన ప్రాణం తిరిగి వచ్చినవాడిలా పడిపడి నవ్వాడు.

పద్దెనిమిది వేలలో ఒక్క పైసా తగ్గలేదు. నాకు సంతోషం కలగాలి. ఒళ్ళు మండింది. ఏ లోపాన్ని దాచడానికి మేమిద్దరం పన్నెండు రోజులు దొంగల్లా బతికామో, ఆ లోపం రుమాలు కింద బేరంలో ఒక్క వేలి విలువ కూడా చేయలేదు. నేను మోసిన నీళ్ళన్నీ కలిపినా అంతే. వెనక సంగమ్మ తల వంచుకుని నిలబడింది, ఆ మాట ఆమెకు కొత్తగా అనిపించినట్టు లేదు.

"నేనైతే సంతకం పెట్ట," అన్నాను.

ఇద్దరి నవ్వూ ఆగిపోయింది.

"శరణప్పన్నా, మాకు పదిహేడు వేలియ్యి. ఆ వెయ్యి పెట్టి వడ్డెరోల్లను పిలిపించి బాయిని ఇంకో రెండు గజాలు దింపియ్యి. శివరాత్రికి ముందల. అడుగున రాయి పగిలి ఊట పడాలె, నేను కండ్లార చూడాలె. గప్పుడు పెడ్త సంతకం."

"నీకేమొస్తదమ్మా? నువ్వు ఇల్లిడిచి పోతున్నవు గద," అన్నాడు శరణప్ప.

"నాకేం రాదు."

మా ఆయన లేచి నన్ను లోపలికి పిలిచాడు. నేను కదల్లేదు. శరణప్ప మా ఇద్దరినీ చూసి, కోడలి వంక కూడా ఓసారి చూసి, "నాకు పోయేదేముంది, ఎట్లైనా గవే పద్దెనిమిది," అన్నాడు. అప్పుడు పోయి బెల్లం తెచ్చాను.

వడ్డెరవాళ్ళు ఏడు రోజులు పని చేశారు. మందు పెట్టి రాయి పేల్చారు. ఎనిమిదో రోజు పక్క పగులులోంచి ఊట పడింది. ఇది ఎండదని వాళ్ళ పెద్ద చెప్పాడు. ఆ మర్నాడే రిజిస్ట్రీ ఆఫీసుకు పోయి సంతకం పెట్టాను.

షెడ్డు ఆసామికి పైకం ఇవ్వడానికి చిరాగ్‌పల్లి బస్సెక్కాం. వెనకవైపు రేకులకు ఇక డబ్బు లేదు, ఈ ఏడు తడికలే. మా ఆయన నాతో మాట్లాడక చాలా రోజులైంది. బస్సులో అన్నాడు.

"మనకు తవ్వియ్యమని ఎన్నడన్న గట్ల నిలవడి అడిగినవా?"

"రెండుసార్లు అడిగిన. మందు పెట్టి పేల్చాలంటే వెయ్యి అయితదన్నవు."

"మరి వాల్లకెట్ల?"

"మనం ఉండెటోల్లం. వాల్లు కొనెటోల్లు. తలుపుకు నూనె సుత కొనెటోల్ల కోసమే వేస్తివి గద," అన్నాను. కోపంతో కాదు, అలసిపోయి అన్నాను. బస్సు ఆగగానే ఆయన నాకంటే ముందు దిగాడు.

షెడ్డు ఆసామి ఎదురొచ్చి పొయ్యిలు చూపించబోయాడు. మా ఆయన ఆపాడు.

"గవన్ని తర్వాత. ఎండకాలం నీల్లెట్ల?"

"నీల్లకేముందన్నా, దగ్గర్నే. గా తోట బాయిల."

"దగ్గరంటే ఎంత?"

ఆసామి చెయ్యి ఊపి చూపించాడు. మా ఆయన ఆ వైపు కాసేపు చూశాడు. తర్వాత షెడ్డులో ఉన్న బిందె తీసుకుని, నన్ను కూర్చోమని, తానొక్కడే నడిచిపోయాడు. చెరకు లారీలు రెండు మూడు దాటిపోయాయి. ఆయన వచ్చేసరికి చొక్కా అంతా తడిసి, బిందెలో సగం నీళ్ళే మిగిలాయి. దించి, నా పక్కన కూలబడి రొప్పాడు.

"పదహారేండ్లా?" అన్నాడు.