పచ్చజెండా, బెల్లం ముక్క

వేట రోజుల్లో వేటకుక్కని ఎవడైనా చూసుకుంటాడు, వేట లేని రోజుల్లో చూసుకున్నవాడే మొనగాడు అని రైల్వేలో పట్టాలు మార్చే పాయింట్సుమన్ సత్తిరాజు అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెబుతుండేవాడు. రాయపూర్ యార్డులో ఆ మాట వినని తెలుగు కుటుంబం లేదు.

విజయనగరం దగ్గర పల్లెటూరు అతనిది. వరికోతలయ్యాక సెలవు పెట్టి, బావమరిదిని వెంటబెట్టుకుని అడవిపందుల వేటకి పోయేవాడు. ఆ వేటకి ముందు నడిచేది చుక్కి. ఎర్రటి ఆడకుక్క, నుదుటిమీద తెల్లమచ్చ. హోలీ దాటితే మళ్ళీ కోతలదాకా దానికి పనుండదు. కుక్కలు చెడేది సరిగ్గా ఆ నెలల్లోనే. తిని పడుకుని ఒళ్ళు పెంచుతాయి, అరికాళ్ళు మెత్తబడతాయి, మళ్ళీ వేటకి దిగిన మొదటిరోజే పందికోరకి పొట్ట అప్పగిస్తాయి. చుక్కికి ముందున్న కుక్క అలాగే పోయింది. దాని పేగులు తన చేతుల్తో లోపలికి తోసి గుడ్డ కట్టినవాడు సత్తిరాజు. అందుకే చుక్కి సంగతి వస్తే అతను మనిషి కాడు.

రోజూ తెల్లవారుతూనే ధంతరి పోయే చిన్నలైను పక్కన దాన్ని పరిగెత్తించేవాడు. అదైనా మామూలుగానా? డ్యూటీ జెండాలతో! పచ్చజెండా ఊపితే పరుగెత్తాలి, ఎర్రజెండా చూపితే ఆగాలి. ఆగాక మూసిన గుప్పిట ముందుకు చాపేవాడు. చుక్కి మూతితో పొడిచి పొడిచి వేళ్ళు విప్పించి, లోపల దాచిన బెల్లం ముక్క తినేది. కాలనీ పిల్లలు పళ్ళు తోముకుంటూ వచ్చి ఈ తమాషా చూసేవాళ్ళు. ఆపైన అరికాళ్ళకి ఆముదం, గోమార్ల ఏరివేత, తాగడానికి చోడి అంబలి, అంటే రాగిజావ.

"నా అరికాళ్ళు పగిలిపోతన్నాయి, అటేపు ఒక్కసారైనా సూసినావా?" అని భార్య దాలమ్మ సాధించేది. సాధిస్తూనే అంబలి కాచేది.

ఎండెక్కితే మాత్రం చుక్కిని కట్టెయ్యాల్సిందే. వేసవి వచ్చిందంటే బజారులో వీధికుక్కల కోసం విషం కలిపిన మాంసం ముద్దలు పడేసేవాళ్ళు. ఇంట్లో కడదామా అంటే క్వార్టరు పెనంలా కాలేది. ఇంటి వెనకాల చిన్నలైను పక్కపట్టాల మీద, సైడింగులో మాత్రం ఒక పాత గూడ్సు పెట్టె ఉండేది. ఇరుసు చెడితే దానిమీద సుద్దతో రిపేరు గుర్తు వేసి వదిలేశారు. చలికాలం నుంచీ అది అంగుళం కదల్లేదు. దాని కింద చల్లటి నీడ. రోజూ పొద్దెక్కాక దాలమ్మ చుక్కిని ఆ పెట్టె మెట్టుకే పొడుగుతాడుతో కట్టి, సత్తుగిన్నెలో నీళ్ళు పెట్టి వచ్చేది. సుద్ద గుర్తు ఉన్న పెట్టె కదలదన్నది రైల్వే ఇళ్ళలో చంటిపిల్లలకి కూడా తెలిసిన సంగతి.

స్వరాజ్యం వచ్చిన మరుసటి వేసవిలో, ఒక మధ్యాహ్నం సత్తిరాజు చిన్నలైను బండికి జెండా ఊపి, ఆ జెండాతోనే ఇంటికి అన్నానికి వచ్చాడు. వస్తూనే చుక్కిని చూసొద్దామని పెరట్లోంచి సైడింగులోకి అడుగుపెట్టాడు. అక్కడే నిలబడిపోయాడు.

నీడ ఉండాల్సిన చోట ఎండ. పెట్టె లేదు. పట్టాల పక్కన సత్తుగిన్నె ఒక్కటీ బోర్లా పడి ఉంది.

మొదట అతనికేమీ అర్థం కాలేదు. తర్వాత ఒక్కొక్కటే అర్థమైంది. పొద్దున్న తను డ్యూటీ ఎక్కకముందే రిపేరువాళ్ళు ఇరుసు బాగైందని సుద్ద చెరిపేసి, ఆ పెట్టెని ధంతరి బండి తోకకి తగిలించి ఉంటారు. అవతలి కొసన బండి తగిలి ఉన్న సంగతి దాలమ్మ చూడలేదు, ఎప్పటిలాగే కట్టేసి వెళ్ళింది. బండి తోక వరకూ చూసి మరీ జెండా ఊపాలన్నది ఉద్యోగంలో మొదటి పాఠం. ఇవాళ ఎండకి కళ్ళు చీకట్లు కమ్మి, కడుపు కాలి, ఇంజను వైపు మొహం పెట్టి ఊపేశాడు. ఊపింది తనే!

"అక్కా! నా కుక్కని సూసినావేటి?" అని కేక వేశాడు. పక్క క్వార్టరు పైడమ్మ బొగ్గులేరుకుంటోంది.

"నువ్వే కదేటి తమ్ముడా జెండా ఊపినావు!" అంది పైడమ్మ నవ్వుతూ. "నువ్వలా ఊపినావో లేదో, అది తోకెత్తీసి బండి పక్కన లగెత్తింది. బండితోటి పందెం పెట్టినావనుకున్నాం. పిల్లలు సప్పట్లు కూడా కొట్టినారు."

ఇంతమంది చూశారు. ఒక్కరూ అరవలేదు. అరవడమెందుకు, అది సత్తిరాజు కుక్క, సత్తిరాజు జెండా!

ఎవరిదో సైకిలు గోడకి ఆనించి ఉంటే లాక్కుని ఎక్కాడు. పట్టాల పక్క బాటలో తొక్కుతున్నాడే గాని చూపంతా కంకర మీదే. తాడు చక్రం కింద పడితే? కాలు తడబడి పడితే? ఒకచోట రాళ్ళ మీద ఎర్రగా కనబడింది. సైకిలు వదిలేసి మోకాళ్ళ మీద పడ్డాడు. ఎవడో ఊసిన పాన్. ఆ ఊసినవాణ్ణి తిట్టాడు, దండం కూడా పెట్టాడు. ఇంకాస్త దూరాన మళ్ళీ ఎరుపు. ఈసారి పాన్ కాదు. చిన్న చిన్న మరకలు, వరసగా, పాదం పడ్డచోటల్లా. మరకలున్నంతసేపూ పరుగెత్తుతున్నట్టే, ఆగిపోతేనే భయం. ఆ రక్తం కోసమే వెతుక్కుంటూ తొక్కాడు.

ఆ లైనులో మొదటి స్టేషను తేలీబాంధాలో బండి ఆగి ఉంది. ఆఖరి పెట్టె దగ్గర జనం మూగారు. సత్తిరాజు వాళ్ళని తోసుకుని వెళ్ళాడు.

చుక్కి నిలబడే ఉంది. డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. నాలుక నేలకి జారినట్టుంది. నాలుగు అరికాళ్ళూ చిట్లిపోయాయి. గార్డు దానయ్య తన కూజాలో నీళ్ళు దాని తలమీద పోస్తున్నాడు.

"నాను నా పెట్టెలో అటేపు కూకున్నాను సత్తిరాజూ," అన్నాడు దానయ్య, కూజా వంచుతూనే. "మొరుగుడు ఇనబడింది. ఊరకుక్కేదో తరుముతోందనుకున్నాను. ఇంకో కుక్కయితే మొదటి గేటు దగ్గిరే పడిపోయీది. దీన్నేటి పెట్టి పెంచినావురా?"

చుక్కి సత్తిరాజుని చూసింది. కరవలేదు, మూలగలేదు. తాడు సాగినంతమేరా కుంటుకుంటూ వచ్చి, తోక ఊపుతూ అతని మూసిన గుప్పిటని మూతితో పొడిచింది. మళ్ళీ పొడిచింది. చెప్పినంత దూరమూ పరుగెత్తి వచ్చింది కదా మరి.

వేళ్ళు విచ్చుకున్నాయి. లోపల నలిగి ముద్దయిన పచ్చజెండా ఉంది.

చుక్కి ఆ గుడ్డని వాసన చూసి, తల ఎత్తి అతని మొహంలోకి చూసింది. ఆ చూపుకి సత్తిరాజు కూలబడిపోయి, నలుగురిలో ఉన్నానన్న స్పృహ కూడా లేకుండా గొల్లుమన్నాడు.

"బెల్లం! ఒక్క బెల్లం ముక్క ఎవరైనా ఇవ్వండర్రా!" అని అరిచాడు. దానయ్య తప్ప చుట్టూ ఉన్నవాళ్ళకి తెలుగు రాదని అప్పుడు గుర్తొచ్చింది.

"గుడ్ లావో భాయ్, గుడ్!" అని ఏడుస్తూనే ఈసారి హిందీలో బెల్లం అడుగుతూ అరిచాడు.