పదో కంచం

తొమ్మిదిమంది పిల్లలకి పది కంచాలెందుకని మొదటిరోజే గొడవపడ్డాను. వండేదీ నేనే, ఆ కంచాలు తోమేదీ నేనే. అడిగే హక్కు నాకుందా లేదా?

తొంభయ్యో సంవత్సరం మాట. సిలోన్‌లో యుద్ధమట. ఇళ్లూ వాకిళ్లూ పోయిన పిల్లల్ని పడవల్లో రామేశ్వరం చేర్చారట. అక్కడ చోటు చాలక మద్రాసు మిషన్ వాళ్లు తొమ్మిదిమందిని రైలెక్కించి మా హోమ్‌కి పంపారు. హోమ్ కంచరపాలెంలో, రైలు పట్టాల వెనకాల. దానికి పెద్ద అనూరాధ సిస్టర్. ఏలూరు మనిషి, గట్టిగా మాట్లాడటం రాదు. ఆ లోటు నేను తీర్చేదాన్ని. మాది జాలారిపేట. పొద్దున్నే మద్దిలపాలెం వచ్చి, అక్కడ బస్సు మారి, ఎనిమిదింటికల్లా పొయ్యి వెలిగించేదాన్ని. చిన్నప్పుడు మా నాన్న పడవ పనికి మద్రాసు వెళితే నాలుగేళ్లు కాసిమేడులో ఉన్నాను, అందుకని నాకు అరవం వచ్చు. సిస్టర్‌కి రాదు. అలా ఆ పిల్లలు నా నెత్తిన పడ్డారు. నెల తిరిగేసరికి వాళ్లు నా తెలుగే మాట్లాడటం మొదలెట్టారు. "దేవుడా, అందరూ నాను, ఏటి అంటున్నారు నూకాలూ" అని సిస్టర్ నవ్వేది. పిల్లలకి నేను నూకమ్మని.

పదో కంచం యాళినిది. అంటే ఆ పిల్ల పెట్టేది. ఎనిమిదేళ్లు ఉంటాయి, పెద్ద కళ్లు. తన కంచం పక్కన ఇంకో కంచం పెట్టి, తన అన్నంలో సగం తీసి అందులో వేసేది.

"అదెవులికే?" అన్నాను.

"తంబికి" అంది. తమ్ముడికి.

తమ్ముడి పేరు రూబన్. అయిదేళ్లవాడు. రాత్రికి రాత్రి ఊరొదిలినప్పుడు రెండు పడవలు బయల్దేరాయట. మొదటి పడవ నిండిపోతే వాణ్ణి ఎవరో ఎత్తి రెండో దాంట్లో పడేశారట. ఇది చెయ్యి వదిలేసింది. ఒక్క పడవే ఒడ్డుకి చేరింది.

సరే, పసిదాని బాధ, పెట్టుకోనీ అనుకున్నాను. వాడి వాటా నేనే వేరే వడ్డిస్తానంటే ఒప్పుకోలేదు. తన కంచంలోంచే వెయ్యాలట. చెయ్యి వదిలింది తనే కాబట్టి అని నేను అర్థం చేసుకున్నాను. అది మాత్రం చెప్పలేదు.

అసలు సంగతి మూడోరోజు తెలిసింది. తినేముందు సిస్టర్ ప్రార్థన చేస్తుంది, అందరూ కళ్లు మూసుకుంటారు. ఆమేన్ అన్నాక కూడా ఈ పిల్లలు కళ్లు తెరవరు. వరసగా లెక్క చెప్పుకుంటారు. ఒణ్ణు, రెండు, మూణు అని ఒక్కొక్కరు ఒక్కో అంకె. వాళ్ల ఊళ్లో విమానం చప్పుడు వినగానే పెరట్లో తవ్విన గోతిలో దూరేవారట. చప్పుడు ఆగాక, ఆ చీకట్లో అందరూ ఉన్నారో లేదో తెలుసుకోవడానికి అలా చెప్పుకునేవారట. అందరిదీ ఒకే వీధి, ఎవరి అంకె వాళ్లదే. యాళినిది తొమ్మిది.

యాళిని "ఒంబదు" అంది. తర్వాత "పత్తు" అని వినబడింది. పది.

మగపిల్లవాడి గొంతు, ముద్దముద్దగా. నేను కళ్లు తెరిచి చూశాను. ఎవరి పెదవులూ కదల్లేదు. ఇదే వేషాలేస్తోందనుకుని, మర్నాడు పక్కన కూర్చుని, మూతి తుడిచే వంకతో దాని నోటిమీద నా చెయ్యి అలాగే ఉంచాను. "పత్తు" అంది ఆ గొంతు, కంచం దగ్గర్నించి. నా అరచెయ్యి కింద దాని నోరు మూసే ఉంది. నేను చెయ్యి లాగేసుకున్నాను. మిగతా పిల్లలు మాత్రం కళ్లు తెరిచి, ఏమీ జరగనట్టు చారు కలుపుకున్నారు.

భోజనాలయ్యాక ఆ పదో కంచంలో అన్నం పెట్టింది పెట్టినట్టే ఉండేది. వీధికుక్కకి వేస్తే వాసన చూసి వెనక్కి వెళ్లిపోయింది. ఒక మెతుకు నోట్లో వేసుకుని చూశాను. ఉప్పు లేదు, పులుపు లేదు, అసలు రుచే లేదు. అదే కుండలోది మిగతావాళ్లు లొట్టలేసుకుంటూ తిన్నారు! సిస్టర్‌కి చెబితే, "నీకు పని ఎక్కువై నీరసంగా ఉంది నూకాలూ" అంది. ఆవిడ పూర్తిగా కళ్లు మూసుకుని ప్రార్థన చేసే మనిషి, వింటుందా?

నాకు భయం ఆ గొంతంటే కాదు, యాళిని అంటే. సగం అన్నంతో రోజురోజుకీ కరిగిపోతోంది. జడ వేస్తుంటే జుట్టు నా చేతికి ఊడొచ్చేది. డాక్టరు చూసి, ఇలాగే ఉంటే పిల్ల దక్కదని సిస్టర్ మొహానే చెప్పేశాడు.

"వోడు లేడని సెప్పీండి సిస్టరమ్మా. అది ఏడిసి ఊరుకుంటాది" అన్నాను.

"పోయాడని మనకేం తెలుసు? ఆచూకీ తెలియలేదు, అంతే. తెలియని మాట నేను చెప్పలేను" అంది. ప్రతి సోమవారం ఆవిడ రామేశ్వరం, మదురై, మద్రాసు మిషన్లన్నిటికీ ఉత్తరాలు రాసేది. జవాబు వచ్చేది కాదు. ఆవిడ ఓపిక చూస్తే నాకు ఒళ్లు మండేది. ఇక్కడ పిల్ల చచ్చిపోతుంటే అక్కడికి ఉత్తరాలేమిటి?

మా ఇళ్లల్లో దీనికో దారి ఉంది. వేటకెళ్లినవాడు తిరిగి రాకపోతే, శవమైనా దొరకకపోతే, ఇంట్లో వాళ్లు పూటపూటా వాడి వాటా తీసిపెడతారు. వాళ్ల తిండి సన్నగిల్లిపోతున్నప్పుడు ఎవరో ఒక పెద్ద ఆడమనిషి పూనుకుంటుంది. ఆఖరి వాటా కొత్త కుండలో పెట్టి నీళ్లలో వదులుతుంది. ఇంటివాళ్లు వెనక్కి తిరిగి కూర్చోవాలి, చూడకూడదు. ఆవిడ వచ్చి, "సూసినాను, ఎల్లిపోనాడు" అంటుంది. ఆ మాట మీద ఎవరూ ఏమీ అడగరు. మా ఇంటాయన వేటకెళ్లి రానప్పుడు మా అత్త పైడితల్లి నాకలాగే చెప్పింది. ఆ పూట నేను కడుపునిండా తిన్నాను. అప్పటికి నా చంకలో ఒకతి, కడుపులో ఒకతి. తినకపోతే ముగ్గురం పోయేవాళ్లం.

నవంబరులో ఒక ఆదివారం, చేపలకూర పెడతానని సిస్టర్‌కి చెప్పి యాళినిని మా పేటకి తీసుకెళ్లాను. దారిలో దానికి అంతా చెప్పాను, మా ఇంటాయన సంగతితో సహా. అది నా కొంగు పట్టుకుని నడిచింది. ఒడ్డున పడవల వెనకాల దాన్ని సముద్రానికి వీపు పెట్టించి కూర్చోబెట్టాను. కుండలో అన్నం అదే తన చేత్తో పెట్టింది. నేను మోకాళ్లలోతు నీళ్లలోకి దిగి కుండ వదిలాను.

కుండ మునగాలి, లేకపోతే కెరటం తోసి ఒడ్డుకి తేవాలి. పుట్టినప్పట్నుంచి చూస్తున్న సముద్రం, నాకు తెలీదా! అది రెండూ చెయ్యలేదు. ఎదురొచ్చే కెరటాల మీదుగా, ఎవరో చేత్తో పట్టుకుని నడిచినట్టు తిన్నగా లోపలికి పోయింది. నేను గబగబా నీళ్లలోంచి వచ్చేశాను. ఇంకేమీ చూడలేదు. చూడ్డానికి భయమేసింది.

"సూసినాను. ఎల్లిపోనాడు" అన్నాను.

ఏమీ అడగకూడదని దానికెలా తెలుస్తుంది? "ఏటన్నాడు?" అంది.

"అక్కా, ఎల్తన్నాను అన్నాడు."

"ఏ సొక్కా?"

"ఎర్రది" అన్నాను, నోటికొచ్చింది.

అది ఇసుకకేసి చూసి, తలూపింది. మా ఇంటికొచ్చి రెండుసార్లు పెట్టించుకుని తింది.

మర్నాటి నుంచి తొమ్మిది కంచాలే. లెక్క తొమ్మిది దగ్గర ఆగిపోయింది. క్రిస్మస్‌కల్లా పిల్లకి బుగ్గలొచ్చాయి. అప్పుడు ఉండబట్టలేక సిస్టర్‌కి చెప్పేశాను, చూశారా నా వైద్యం అని. ఆవిడ మెచ్చుకుంటుందనుకున్నాను. మొహం తెల్లబోయింది. "వాడు బతికుంటే?" అంది.

"బతికుంటే వోడి గొంతు ఇక్కడెందుకుంటాది సిస్టరమ్మా" అన్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

జనవరిలో ఉత్తరం వచ్చింది. దక్షిణాన సముద్రం ఒడ్డునున్న ఒక మిషన్ ఆసుపత్రి నుంచి. రెండో పడవ దారి తప్పి కొట్టుకుపోతుంటే అక్కడి బెస్తవాళ్లు తెచ్చి పడేసిన పిల్లవాడు, జ్వరం తగిలి పేరు మాత్రం మరిచిపోయినవాడు, ఇన్నాళ్లకి రూబన్ అన్నాడట. సిస్టర్ చదువుతూ చదువుతూ ఆగింది. మళ్లీ మొదలెట్టింది. ఈ పిల్లవాడు నెలల తరబడి నోట్లో మెతుకు పెట్టుకోలేదట. అయినా చిక్కలేదట. ఎందుకు తినవంటే, అక్క పెట్టింది, కడుపు నిండింది అనేవాడట. నవంబరు పదకొండు, ఆదివారం మధ్యాహ్నం నుంచి, అక్క పెట్టడం లేదు, ఆకలి, అని ఒకటే ఏడుపట. ఎవరు పెట్టినా మాత్రం నోరు తెరవడట. గ్లూకోజు మీద నిలబెడుతున్నామని, వెంటనే పంపుతున్నామని రాశారు.

"ఆ ఆదివారం ఏది నూకాలూ?" అంది సిస్టర్. ఆవిడకి తెలుసు, నాకూ తెలుసు. నేను నేలమీద కూలబడ్డాను.

వాణ్ణి ఆ ఆసుపత్రి నర్సమ్మ దుప్పట్లో ఎత్తుకుని తెచ్చింది. అయిదేళ్ల పిల్లవాడు, నెలల బిడ్డంత బరువు లేడు. అక్క వైపు చేతులు చాచాడు. యాళిని కెవ్వుమని అరిచి నా వెనక దాక్కుంది. "పేయి" అంది. దెయ్యం. మిగతా ఎనిమిదిమందీ గోడకి కరుచుకుపోయారు. వాడు వెళ్లిపోయాడని నూకమ్మ కళ్లతో చూసింది కదా, మరి ఇప్పుడొచ్చిందెవరు?

మధ్యాహ్నం భోజనాల దగ్గర చాప చివర కూర్చోబెట్టాం. ప్రార్థన అయింది. లెక్క మొదలైంది. యాళిని "ఒంబదు" అంది. చాప చివరినించి "పత్తు" వినబడింది. ముద్దముద్దగా, అదే గొంతు. ఆ గొంతు విని నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. పిల్లలు కంచాలు వదిలేసి బయటికి పరిగెత్తారు.

వాడు నా చేత తినలేదు, సిస్టర్ చేత తినలేదు. సూది గుచ్చడానికి నరం దొరకడం లేదని, ఇంకో రెండు రోజులకంటే ఆగడని డాక్టరు చెప్పి వెళ్లిపోయాడు. అక్క పెట్టాలి. అక్క ఆ గది గుమ్మం తొక్కదు.

"నేను వందసార్లు చెప్పాను, వినలేదు. అది నీ మాట నమ్మింది. నువ్వే వెనక్కి తీసుకోవాలి" అంది సిస్టర్.

"మాలో ఆ మాట ఎనక్కి తీసుకోరు సిస్టరమ్మా. ఇంతవరకూ ఎవులూ తీసుకోలేదు."

"తీసుకుంటే ఏమవుతుంది?"

ఏమవుతుందో నాకూ తెలీదు. కానీ పక్కగదిలో వాడి మూలుగు వినబడుతూనే ఉంది. లేచాను. యాళిని వంటింట్లో బియ్యం బస్తాల వెనక నక్కి ఉంది. ఎదురుగా కూర్చున్నాను.

"ఒలే, నాను సూళ్లేదే" అన్నాను.

అది తలెత్తింది.

"కుండ ఒక్కటే సూసినాను. తంబిని సూళ్లేదు."

"మరి, అక్కా ఎల్తన్నాను అన్నాడు గదా?"

"నానే కల్పించినాను."

"ఎర్ర సొక్కా?"

"నోటికొచ్చింది సెప్పినాను. నా నోరు పడిపోనూ, అబద్దమే అమ్మా. నువ్వు సచ్చిపోతావని బయమేసింది. మాలో అలాగే సెప్తారు. మిగిలినోళ్లు అన్నం తినాల గదాని సెప్తారు. వోడు నీ తంబియే. ఎక్కడికీ ఎల్లలేదు. ఎల్లే, ఎల్లి పెట్టు!"

అది నన్ను చూసింది. కోపంగా చూసింది, అదే నయం. లేచి, తన కంచంలో అన్నం పెట్టుకుని, మజ్జిగ పోసి పిసికి, ఆ గదిలోకి వెళ్లింది. గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగింది. వాడు నోరు తెరిచాడు. ఒక ముద్ద వాడికి, ఒకటి తనకి. నాలుగో ముద్దకి సిస్టర్ గోడకి ఆనుకుని ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను. దేవుడా, ఎవరి దేవుడివైతేనేం, ఇంత దయ చూపించావు అనుకున్నాను. ఆ పిల్లవాడు బతికాడు.

వాడు నిద్రపోయాక అది ఖాళీ కంచం తెచ్చి నా ముందు పెట్టింది. కోపం పోయినట్టుంది. నా పక్కన కూర్చుని, మామూలుగా అడిగింది.

"నూకమ్మా, మీ ఆయన ఎల్లిపోనాడని ఎవులు సూసినారు?"

"మా అత్త సూసింది" అన్నాను.

అది తలూపి, తంబి దగ్గరికి వెళ్లిపోయింది. మా అత్త పోయి ఆరేళ్లయింది, నిజంగా చూసిందో లేదో అడగడానికి మనిషి లేదు. మా ఇంటాయన వేటకెళ్లి పంతొమ్మిదేళ్లు. ఆ ఆదివారం తర్వాత ఈ పిల్లవాడు ఏడ్చినట్టు, ఆయన ఏ ఒడ్డునో కూర్చుని ఆకలి, ఆకలి అని ఎన్నాళ్లు ఏడ్చాడో. అప్పుడంతా నేను ఇంట్లో కూర్చుని కడుపునిండా తింటున్నాను.

సిస్టర్ భోజనానికి రెండుసార్లు పిలిచింది. వస్తున్నానన్నాను గానీ లేవలేకపోయాను.