షౌకీ మాస్టారి లెక్క

నాకు బస్బూసా మిఠాయి అంటే అసహ్యం. చిన్నప్పటి నుంచీ కాదు, మొన్న గురువారం నుంచి. మా యువజన కేంద్రం డైరెక్టరు రిఫ్అత్ గారు పాకం కారుతున్న పళ్ళేన్ని తెచ్చి, కిటికీ పక్కనున్న కంప్యూటరు నెత్తిన పెట్టి, వేళ్ళు నాక్కుంటూ "అతిథుల నోరు తీపి చేస్తే చాలమ్మా ఇన్షిరాహ్, మిగతావన్నీ అవే సర్దుకుంటాయి" అన్నప్పటి నుంచి.

ఆ కంప్యూటర్ల గది నాది. అంటే, తాళంచెవి నా దగ్గరుంటుంది, తిట్లు నాకొస్తాయి. గదికి ప్రాణం మాత్రం షౌకీ మాస్టారు. మా ఊరి బడిలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. షుగరు ఆయన కళ్ళని తినేసింది. ఇప్పుడు వెలుగూ నీడా తప్ప ఏమీ తెలియవు. సముద్రం వైపు ఆయనకి తాతలనాటి జామతోట ఉండేది. నేల ఉప్పుదేలి, చెట్లు ఒకదాని వెనక ఒకటి ఎండిపోయాయి. అప్పటి నుంచీ ఆయనకి ఒకటే పట్టు: ఈ ఎండా ఈ సముద్రమూ ఇంకా ఎంతదాకా వస్తాయో తెలుసుకోవాలి.

ఈ పని మాకు నేర్పింది ఆయనే. ఎక్కడో దూరదేశంలో వాతావరణాన్ని లెక్కగట్టే శాస్త్రవేత్తలున్నారు. వాళ్ళకి చాలినన్ని కంప్యూటర్లు లేవు. అందుకని లెక్కని ముక్కలు చేసి, ముందుకొచ్చిన వాళ్ళకి తలా ఒక ముక్క పంపుతారు. మన కంప్యూటరు ఖాళీగా ఉన్నప్పుడల్లా ఆ ముక్కని చేసి, జవాబు వెనక్కి పంపుతుంది. పైసా రాదు. మా గది చిన్నాచితకా ముక్కలు చాలా చేసింది. మాస్టారికి దొరికింది మాత్రం పెద్ద ముక్క. రాబోయే ఏళ్ళ వాతావరణాన్ని రోజు తర్వాత రోజుగా నడిపించే లెక్క అది. నెలల తరబడి సాగుతుంది. కిటికీ పక్క కంప్యూటరు దానికోసమే.

కళ్ళు పోయాక మాస్టారు ఆ లెక్కని చేత్తో చూసేవారు. సాయంత్రం అసర్ నమాజు అయ్యాక కర్ర తాటించుకుంటూ వచ్చి, కంప్యూటరు పెట్టె మీద అరచెయ్యి ఆనించి, చెవి ఒగ్గేవారు. లెక్క జోరుగా సాగుతుంటే పెట్టె వేడెక్కుతుంది, లోపల ఫ్యాను బుసకొడుతుంది.

"జ్వరం బాగానే ఉందమ్మాయ్" అని నవ్వేవారు. "మనం ఏ ఏట ఉన్నాం?"

నేను తెర చూసి చెప్పేదాన్ని. మేమిద్దరం ఇంకా రాని ఏళ్ళ గురించి పక్కింటి సంగతుల్లా మాట్లాడుకునేవాళ్ళం.

అలా ఉండగా చేపల చెరువుల ఆసామి హాజ్ మస్ఊద్ గారు మా కేంద్రానికి కొత్త కంప్యూటర్లు దానం చేశారు. వాటిలో సరికొత్త సిస్టమ్. లెక్కని పాతదాంట్లోంచి కొత్తదాంట్లోకి మార్చడానికి నేను పడ్డ పాట్లు చెప్తే నవ్వుతారు. ఎవరూ లేనప్పుడు పనిచేయడం మా లెక్కకి అలవాటు. ఎవరూ లేకపోతే నిద్రపోవడం కొత్త సిస్టమ్‌కి అలవాటు. ముందు ఆ నిద్ర మాన్పించాను. తర్వాత వైరస్‌లు రాకుండా కాపలా కాసే ప్రోగ్రాం మా లెక్కని దొంగ అనుకుని పట్టుకుంది. దాన్ని బతిమాలి విడిపించాను. ఎట్టకేలకు కిటికీ పక్కన పెట్టిన కొత్త పెట్టె కూడా వేడెక్కింది. మాస్టారు చెయ్యి పెట్టి "వచ్చేసిందమ్మాయ్!" అన్నారు.

ఒక్కటే రాలేదు, బొమ్మ. పాత కంప్యూటర్లలో ఎవరూ ముట్టుకోకపోతే తెర మీద భూగోళం తిరుగుతూ కనపడేది, మబ్బులతో, ఎండ రంగులతో. తెర వెనక పనిచేసే ప్రోగ్రాం తెర మీదికి రాకూడదని కొత్త సిస్టమ్ పట్టుదల. నేనూ పట్టించుకోలేదు.

పట్టించుకున్నది డైరెక్టరు గారు. గురువారం హాజ్ గారి చేతుల మీదుగా ప్రారంభోత్సవం.

"బొమ్మ లేదా? మరి హాజ్ గారు వచ్చి ఏం చూస్తారు, అంకెలా?"

"లెక్క నడుస్తోంది కద సార్. బొమ్మ ఉత్త అలంకారం."

"పెళ్ళికూతురు లేకుండా పెళ్ళి చేద్దామంటావ్!"

"పెళ్ళికూతురుంది సార్. నగలే లేవు."

నా జవాబు ఆయనకి నచ్చలేదు. తన బావమరిది షాదీని పిలిపించాడు. షాదీ ఏ పనికొచ్చినా నోట్లో పొద్దుతిరుగుడు గింజలుంటాయి. తొక్కలు ఎక్కడ కూర్చుంటే అక్కడే ఉమ్ముతాడు. కీబోర్డు మీద కూడా.

"అక్కా, నువ్వెళ్ళి మొలోఖియా కూర వండుకో. ఇది నేను చూస్కుంటా" అన్నాడు.

"మొలోఖియా వండటానికైనా బుర్ర కావాల్రా" అన్నాను. బుధవారం నాకు సెలవు. ఆ రోజు వాడేం చేస్తాడో చూసేవాళ్ళు లేరు.

గురువారం పొద్దున తలుపు తీసేసరికి గది అందంగా ఉంది. ప్రతి తెర మీదా, వెనక గోడకి తగిలించిన పెద్ద తెర మీదా భూగోళం నున్నగా తిరుగుతోంది. ఒక్క ఫ్యానూ మోగడం లేదు.

"ఏం చేశావురా?"

"ఇంటర్నెట్లో దొరికిన వీడియో అక్కా. చూడు, ఎంత బాగుందో! నీ లెక్క నడుస్తుంటే బొమ్మ తడబడుతోంది. అందుకని దాన్ని తీసేశా."

"ఆపావా, తీసేశావా?"

"తీసేశా. నిజంగా తీసెయ్యమంటావా అని అడిగింది కూడా. అవునన్నా."

తొక్క ఒకటి ఉమ్మాడు. లెక్క అడ్డమొస్తోందని లెక్క తీసేసి, లెక్క చేస్తున్నట్టు బొమ్మ పెట్టాడు. అన్ని నెలల పనిని ఒక్క నొక్కుడుతో చెరిపేసి, మెచ్చుకుంటానని నా మొహంలోకి చూస్తున్నాడు. వాణ్ణి చూస్తే కోపం కంటే ముందు రోత పుట్టింది, చేతికి చీమిడి అంటినట్టు.

డైరెక్టరు గారి దగ్గరికి పరిగెత్తాను. ఆయన అద్దంలో టై సరిచేసుకుంటున్నాడు.

"రేపు మళ్ళీ పెట్టుకోమ్మా, ఏం పోయింది?"

"మొదటి ఏటి నుంచి మొదలవుతుంది సార్! మాస్టారికి ఏం చెప్పను?"

"వాతావరణం ఎక్కడికి పోతుంది, రోజూ ఉండేదేగా! ఆయనకి ఎలాగూ కనపడదు. నువ్వు మాత్రం నోరు విప్పకు."

మధ్యాహ్నం హాజ్ మస్ఊద్ గారు తన పరివారంతో దిగారు. చప్పట్లు, ఫోటోలు. బస్బూసా పాకం పెట్టె అంచు దాటి కిందికి జారుతోంది. ఒకడు నములుతూనే ఉపన్యాసం ఇచ్చాడు, తుంపర్లు మైకు మీద పడ్డాయి. "మన ఊరు ప్రపంచ విజ్ఞానానికి వెన్నెముక" అన్నాడు. వెనక గోడ మీద భూగోళం తిరుగుతూనే ఉంది.

ఫోటో కోసం డైరెక్టరు గారు షౌకీ మాస్టారిని చెయ్యి పట్టి కిటికీ దగ్గరికి తీసుకొచ్చారు. మాస్టారు బడికి వేసుకెళ్ళే పాత కోటు ఇస్త్రీ చేయించుకుని వేసుకొచ్చారు. అలవాటుగా పెట్టె మీద అరచెయ్యి పెట్టారు. చెవి ఒగ్గారు.

"ఇదేంటమ్మాయ్, ఇంత చల్లగా ఉంది? ఫ్యాను కూడా వినపడట్లేదు."

నాకంటే ముందు డైరెక్టరే అందుకున్నాడు. "కొత్తవి మాస్టారూ! ఎంత పరిగెత్తినా వీటికి చెమట పట్టదు."

"అలాగా!" మాస్టారి మొహం విప్పారింది. "ఇంత పని చేస్తూ ఇంత చల్లగానా! మాషా అల్లా. మరి మనం ఏ ఏట ఉన్నాం?"

"ఆఖరి ఏడే మాస్టారూ, రేపో మాపో అయిపోతుంది!" అన్నాడు షాదీ, గింజలు కొరుకుతూ.

మాస్టారి గుడ్డికళ్ళు చెమర్చాయి. "అయితే నేనుండగానే అయిపోతుందన్నమాట" అన్నారు.

డైరెక్టరు నా వైపు చూసి కనుబొమలెగరేశాడు. ఈ ముసలాయన సంతోషాన్ని కూడా వాళ్ళు మిఠాయిలాగా నాకేస్తున్నారు. ఇక నావల్ల కాలేదు.

"మాస్టారూ, అది చల్లగా ఉంది ఎందుకంటే లోపల ఏమీ నడవట్లేదు. నిన్న తీసేశారు. వెనక తిరుగుతున్నది ఉత్త వీడియో."

డైరెక్టరు నవ్వబోయాడు. "ఇన్షిరాహ్‌కి ఎప్పుడూ వేళాకోళమే..."

మాస్టారు ఆయన వైపు తిరగనే లేదు. నన్నే అడిగారు.

"నిజంగా ఎక్కడ ఆగాం?"

"ఆఖరి ఏట్లోనే మాస్టారూ. వచ్చే నెలకి అయిపోయేది."

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. పాకం అంటుకుని ఉంది. జేబురుమాలు తీసి వేళ్ళు తుడుచుకున్నారు, అరచెయ్యి తుడుచుకున్నారు, మళ్ళీ వేళ్ళు తుడుచుకున్నారు.

"ఏంటి గొడవ?" అన్నారు హాజ్ గారు నోటి నిండా మిఠాయితో. వెంటనే ఆయనే గోడ వైపు చూసి తలాడించారు. "ఏదేమైనా భలే తిరుగుతోందయ్యా. నా ఫోనులో కూడా పెట్టిస్తావా?"

"చిటికెలో హాజ్ గారూ!" అన్నాడు షాదీ. చిటికెలోనే పెట్టాడు కూడా. అందరూ ఫోను చుట్టూ మూగారు.

మాస్టారు నా భుజం వెతుక్కుని పట్టుకున్నారు. "కుళాయి దగ్గరికి తీసుకెళ్ళమ్మాయ్."

వరండా చివర కుళాయి తిప్పాను. ఆయన చేతులు రుద్దుకుంటూ, నీళ్ళ చప్పుడులో వినపడీ వినపడకుండా అడిగారు.

"మా ఇంట్లో పాత కంప్యూటరులో మొదటి నుంచి పెడితే? అయ్యేసరికి నేనుంటానా?"

నేను సబ్బు అందించాను. చేతులు కడుక్కుని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు.

"ఇంకా అంటుకునే ఉందమ్మాయ్" అన్నారు, మళ్ళీ సబ్బు అడిగారు.