నలభై సెంటీమీటర్లు

నీటికి ఆనుకున్న మెట్టు మీద కూర్చుని, కొలబద్దకు పట్టిన పాచిని గుడ్డతో తుడుస్తున్నాడు ఆయన. మోకాళ్ల దాకా మడిచిన ప్యాంటు, నానినాని ముడతలు పడ్డ పాదాలు, ఎండకు కమిలిన మెడ. సిమెంటు దిమ్మెకు బిగించిన ఆ ఇనుప కొలబద్ద మీద నల్లటి అంకెలున్నాయి. పొద్దున ఆరింటికీ సాయంత్రం ఆరింటికీ ఏరు ఏ అంకె దగ్గరుందో చూసి, పై గదిలోకి వెళ్లి, సరిహద్దు అవతల ఇలాంటి పనే చేసే మనిషికి ఫోనులో చెప్పడం ఆయన ఉద్యోగం. ఇరవై రెండేళ్లుగా అదే పని. అందరూ ఆయన్ని మెట్లాయన అంటారు.

ఇవాళ్టితో ఆ ఉద్యోగం అయిపోతుంది.

అవతలి మనిషి మొహం ఆయన ఎప్పుడూ చూడలేదు. అయినా ఇద్దరూ బావా అనే పిలుచుకుంటారు. ఇక్కడి వరద అక్కడికి చేరడానికి అయిదు గంటలు పడుతుంది. అక్కడ ఏటి మధ్య ఇసుక మేట మీద వారానికోసారి సంత. రెండు దేశాల వాళ్లూ వస్తారు. నీరు నాలుగు మీటర్లు దాటుతుందని తెలిస్తే సంత లేపేయాలి. ఆ నాలుగు మీటర్లు వాళ్ల కొలతలో. వాళ్ల కొలబద్ద మీది సున్నా ఇక్కడి సున్నాకంటే నలభై సెంటీమీటర్లు ఎత్తున ఉంది. అందుకే మెట్లాయన మొదటినుంచీ నలభై తీసేసి, వాళ్ల లెక్కలోనే చెబుతాడు.

ఇవాళ సంత రోజు. ఎగువన వాన పడింది. ఆయన స్థానంలోకి వచ్చిన అమ్మాయి ఫోను చేస్తోంది.

"నాలుగు మీటర్ల పది అండీ" అంటున్న ఆమె మాట కిటికీలోంచి వినిపించింది.

స్పీకరులో బావ గొంతు బొంగురుగా పలికింది. "మా బావలా గొణక్కుండా చక్కగా చెప్పావు తల్లీ. అయితే సంతకేం ఢోకా లేదు."

ఆయన చేతిలో గుడ్డ ఆగిపోయింది. కొలబద్ద మీద నీరు నాలుగున్నర దగ్గరుంది. నలభై తీస్తే నాలుగు పది. ఢోకా లేకపోవడమేమిటి? ఆయన మెట్లు రెండేసి చొప్పున ఎక్కి చాలా ఏళ్లయింది. ఇప్పుడు ఎక్కాడు.

"బావా, ఎంత రాసుకున్నావు?"

"మూడు డెబ్భై. కొత్తపిల్ల కదా, మీ లెక్కే చెప్పిందనుకుని నలభై నేనే తీసేశా."

"ఆ పిల్ల ముందే తీసేసింది."

అవతల కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైంది.

"అందరికీ మర్యాద ఎక్కువైపోయింది" అన్నాడు మెట్లాయన. "ముందు సంత లేపించు. తర్వాత తిట్టుకుందాం."

అమ్మాయి వేలు ఇంకా పుస్తకంలోని అంకె మీదే ఉంది. "తప్పు నాదా బాబాయ్?"

"కాదమ్మా. ఇద్దరూ మంచివాళ్లయితే ఇలాగే తగలడుతుంది."

ఆయన టిఫిన్ డబ్బా మూత తీసి, మళ్లీ పెట్టేశాడు. పదకొండు దాటాక ఫోను మోగింది.

"మేట మునిగింది బావా. మనుషులందరూ ఒడ్డెక్కారు. మీ జవాన్లూ మా జవాన్లూ కలిసి మూటలు మోశారు. తుపాకులు ఎవరికిచ్చి మోశారో మాత్రం అడక్కు."

మెట్లాయన కుర్చీలో కూలబడి, చాలాసేపు నవ్వాడు.

మధ్యాహ్నం ఎర్రరంగు డబ్బా తెచ్చాడు. ఇనుమును పొడిగుడ్డతో తుడిచి, నల్లటి అయిదు పక్కన ఎర్రగా నాలుగూ అరవై రాశాడు. నీరు దిగుతున్నకొద్దీ ఆయనా ఒక్కో మెట్టు దిగుతూ అవతలివాళ్ల అంకెలు రాస్తూ పోయాడు.

"పై ఆఫీసుకి రాయొద్దా బాబాయ్?"

"రాయి. జవాబొచ్చేలోపు రంగు వెలిసిపోతుంది, మళ్లీ వేద్దువుగాని. బావ కూడా వాళ్ల కొలబద్ద మీద మన అంకెలు రాస్తానన్నాడు. ఇక ఎవరూ ఏమీ తీయొద్దు. రెండూ చదవండి."

సాయంత్రం ఆరింటికి ఆమె చదివింది. "మాది నాలుగు ఇరవై, మీది మూడు ఎనభై." బావ రెండూ తిరిగి చెప్పాడు. గుమ్మం బయట నిలబడి విన్న మెట్లాయన ప్యాంటు మడతలు దించి, చెప్పులు తొడుక్కున్నాడు. సరిహద్దు దాటే బస్సు హారన్ కొట్టింది.

"ఇంటికి కాదా బాబాయ్?"

"రేపు పోతాలే. ఆ గొంతుకి మొహమెలా ఉంటుందో చూసొస్తా."

బస్సు వంతెన దాటేదాకా చూసి, అమ్మాయి కిందికి తిరిగింది. నీటి లోపల ఇంకా రాయాల్సిన అంకెలున్నాయి. చివరి పొడి మెట్టు మీద, డబ్బా మూతకు అడ్డంగా పెట్టిన కుంచె కొసన ఎర్రరంగు ఇంకా తడిగానే ఉంది.