గుర్తుపెట్టుకునే పని

మా ఇంట్లో పొద్దున నాలుగు రకాల టీ. మామయ్యకు చక్కెర లేకుండా, అత్తమ్మకు అల్లం దంచి వేసి, మా ఆయన శాంసన్‌కు పాలు ఎక్కువగా. నాలుగోది నాది, అంటే గిన్నెలో ఏది మిగిలితే అది. ఈ రోజు అల్లం మరిచిపోయాను. "ఏందే జోస్నా, ఒచ్చి ఆరేండ్లాయె, ఇంకా గుర్తుండదా?" అంది అత్తమ్మ. శాంసన్ ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే "ఆఫీసు ముచ్చట్లయితే అన్ని గుర్తుంటయి" అన్నాడు. ఒళ్లు మండింది. గ్లాసులు కడిగి బోర్లించి, దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కాను.

ఎల్బీనగర్‌లో బట్టల దుకాణం పైన మా సాఫ్ట్‌వేర్ ఆఫీసు. కంప్యూటర్‌లో పాత ఫైళ్లన్నిటినీ ఒక మూటగా కట్టి దాచే టూల్ రాశాను. దానికి బటన్లు ఉండవు, కమాండ్ టైపు చేయాలి. పక్కన ఒక అక్షరం పెడితే ఏం కావాలో దానికి చెప్పినట్టు. మూట కట్టేటప్పుడు 'ఎఫ్' కొట్టి, దాని పక్కన మూట పేరు రాయాలి. విప్పేటప్పుడు మాత్రం అదే 'ఎఫ్'కు ఫోర్స్ అని అర్థం, ఉన్న ఫైలు మీద అడగకుండా రాసేస్తుంది. ఆ రెండోది మా టీం లీడ్ నరేష్‌కుమార్ చేర్పించాడు. పోయిన వారం మా టీంలో మౌనిక మూట విప్పుతూ అలవాటుగా 'ఎఫ్' కొట్టింది. కష్టపడి దిద్దుకున్న ఫైళ్ల మీద పాతవి వచ్చి కూర్చున్నాయి. పాపం, బాత్రూంలోకి వెళ్లి ఏడ్చింది. అందరి ముందు ఆమెనే "చూసుకోని కొట్టాలె కదమ్మా" అన్నాడు నరేష్.

ఈ సాయంత్రంలోగా టూల్ కస్టమర్లకు వెళ్లాలి. వెళ్లాక వాళ్ల చేతులకు అలవాటైపోతుంది, ఇక మార్చలేం. అందుకే మీటింగులో కూర్చోగానే అనేశాను.

"ఎఫ్ అంటే ఎక్కడైనా పేరే సార్. ఉన్నదాని మీద రాయాలంటే 'ఓవర్‌రైట్' అని పూర్తిగా టైపు చెయ్యాలె. దానికి పొట్టి అక్షరం ఒద్దు."

నరేష్ నవ్వాడు. "గింత దానికి అంత లొల్లెందుకు జోస్నా? మాన్యువల్‌ల రాసినం గదా. గుర్తుపెట్టుకుంటరు."

గుర్తుపెట్టుకుంటారట! ఎవరు? మామయ్య బీపీ గోళీ, అత్తమ్మ అల్లం, ఆదివారం చర్చికి శాంసన్ చొక్కా ఇస్త్రీ, బుధవారం ప్రార్థన కూడికకు వచ్చేవాళ్లలో ఎవరు ఏం తినరో. ఎవరికి నచ్చినట్టు వాళ్లుంటారు, ఆ తేడాలన్నీ మోసే బుర్ర నాది. మోసినన్నాళ్లూ అదొక పనని ఎవరికీ తెలియదు. ఒక్కటి జారితే మాత్రం తప్పు నాదే. మౌనికకు జరిగిందీ అదే కదా.

"గుర్తుపెట్టుకునే పని మనుషుల మీద ఏసి, మరిచిపోతే మళ్ల వాళ్లనే అంటున్నం సార్. తప్పు మౌనికది కాదు, మనది. నేను రాసిన టూల్‌ల అట్ల ఉండనియ్య."

మౌనిక తల ఎత్తి "నేను గూడ గదే అంటున్న సార్" అంది. నరేష్ చేతులెత్తేశాడు. "సరే తల్లీ, నీ ఇష్టం." ఆ 'తల్లీ' నాకక్కర్లేదు, 'సరే' మాత్రం తీసుకున్నాను. మధ్యాహ్నానికల్లా ఆ అక్షరం పీకేసి, టూల్ పంపించేశాను.

సాయంత్రం ఇంటికొచ్చి ఒక్క గిన్నెలో టీ పెట్టాను. చక్కెర డబ్బా, వేడి పాలు పక్కన పెట్టి, నాలుగు గ్లాసుల్లో ఒకే రకం పోశాను. అత్తమ్మ ఒక గుక్క తాగి ముఖం చిట్లించింది. "ఇదేంది?"

"ఇయ్యాల్టి నుంచి అందరికీ ఒకటే టీ అత్తమ్మా. ఎవరికేం కావాలో వాళ్లే కలుపుకోవాలె."

"అమ్మకు అల్లం కావాలని నీకెరుకే గదా?" అన్నాడు శాంసన్.

"నీకు గూడ ఎరుకే గదా. జర దంచియ్యి."

మామయ్య ఎప్పటిలాగే చక్కెర లేని టీ తాగుతున్నాడు. శాంసన్ లేచి వంటింట్లోకి వెళ్లాడు. తను పుట్టి పెరిగిన ఇల్లు అది. లోపల్నుంచి కేకేశాడు. "అల్లం ఏడుంటది?"

"ఎతుకు, దొరుకుతది" అన్నాను.

నా గ్లాసు దగ్గరికి లాక్కున్నాను. ఇంకా వేడిగానే ఉంది. ఈ ఇంట్లో అందరి టీ నాకు తెలుసు. నాది ఎలా ఉండాలో మాత్రం ఎవరూ అడగలేదు, నేను కూడా. ఒక చెంచా చక్కెర వేసి తాగి చూశాను. ఇంకో చెంచా వేసుకున్నాను.