పదకొండు సున్నాలు

ఆఫీసులో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. అందరికీ ఆయన గళ్ళ మాస్టారు. ఏ జంతువు ఎక్కడ బతుకుతోందో మ్యాపు మీద గుర్తించడం ఆ ఆఫీసు పని. ఊరి చుట్టూ ఉన్న నేలనంతా వంద మీటర్ల చదరపు గళ్ళుగా విడగొడతారు. ఒక్కో గడిలోకీ మనిషి నడిచి వెళ్ళి అడుగుజాడలూ, వెంట్రుకలూ, పెంటా, బొరియలూ వెతికి, కనిపించింది రాసుకురావాలి. దాన్ని బట్టే ఎక్కడ ఇళ్ళు కట్టుకోవచ్చో, ఎక్కడ చెయ్యి పెట్టకూడదో నగర మండలి తేలుస్తుంది. ముప్ఫై ఏళ్ళుగా గళ్ళు నింపీ నింపీ ఆయనకు ఆ పేరు వచ్చింది. ఆయనకూ ఆ పేరంటే లోలోపల మహా ఇష్టం.

కొత్తగా చేరినవాళ్ళకు ఆయన మొదటిరోజు చెప్పే పాఠం ఒకటే.

"చూడండి నాన్నా, వెళ్ళి చూశారు, ఏమీ లేదు. అప్పుడు సున్నా వెయ్యండి. వెళ్ళలేదు. అప్పుడు గడి ఖాళీగా వదిలెయ్యండి. ఖాళీ అంటే నాకు తెలీదు అని. సున్నా అంటే నేను చూశాను, లేదు అని. తెలీదని ఒప్పుకోవడంలో తప్పేం లేదు. చూడకుండా సున్నా వేసినవాడు మాత్రం నా కంటికి కనబడకూడదు."

చివరి మాట దగ్గర కళ్ళజోడు తీసి తుడుచుకునేవాడు. పాతవాళ్ళు వెనక బల్లల దగ్గర మూతి బిగబట్టుకుని నవ్వుకునేవారు. ఎంత నవ్వుకున్నా, మాస్టారు సున్నా వేశాడంటే మాత్రం ఇక అక్కడికి ఎవరూ రెండోసారి వెళ్ళేవారు కాదు.

అలాంటి మనిషి రెండేళ్ళ కిందట పదకొండు గళ్ళలో చూడకుండా సున్నాలు వేశాడు.

పెద్ద కారణమేమీ లేదు. ఉంటే కనీసం చెప్పుకోవడానికైనా పనికొచ్చేది. ఆ ఏడు ఆయన కుడిమోకాలు మొరాయించడం మొదలుపెట్టింది. మెట్లు ఎక్కడం ఫరవాలేదు, దిగడమే చావొచ్చేది. పెద్దవాగు మలుపు దగ్గర ఒడ్డు బాగా నిటారుగా ఉంటుంది, పైగా వాన పడి జారుడుగా ఉంది. జీపు డ్రైవరు "చెయ్యి పట్టుకోనా సార్?" అని అడిగాడు. అంతే, మాస్టారికి ఒళ్ళు మండింది. "నేనేమన్నా పళ్ళూడిన ముసలాణ్ణా? నువ్వు వెళ్ళి టీ తాగిరా పో" అని పంపేశాడు. అతను వెళ్ళాక రెండడుగులు దిగాడు, మోకాలు కలుక్కుమంది, మళ్ళీ పైకొచ్చి జీపులో కూర్చున్నాడు. టిఫిను డబ్బా విప్పుకుని తిన్నాడు. అటు పక్క గళ్ళలోనూ ఇటు పక్క గళ్ళలోనూ ఏమీ కనబడలేదు, మధ్యలో మాత్రం ఏముంటుంది అనుకున్నాడు. ఖాళీగా వదిలేస్తే ఎందుకు వెళ్ళలేదని అడుగుతారు. అడిగితే మోకాలి సంగతి చెప్పాలి. చెబితే కుర్చీలో కూర్చోబెట్టి కాగితాలు సర్దమంటారు. చేతిలో మూత తీసిన పెన్ను ఉంది. పదకొండు సున్నాలు చుట్టడానికి ఎంతసేపు పడుతుంది?

డ్రైవరు తిరిగొచ్చేసరికి ఆయన కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని కునుకు తీస్తున్నాడు.

ఆ తర్వాత దాన్ని నిజంగానే మరిచిపోయాడు. మనిషికి అదొక వరం. గుర్తుచేసింది ఎవరయ్యా అంటే సాక్షాత్తూ వియ్యంకుడు.

ఆయన కూతుర్ని ఇచ్చింది ఊళ్ళోనే. వియ్యంకుడు ఒకప్పుడు బడి పిల్లల వ్యాను నడిపేవాడు. పని మానేశాక వాగు మలుపు దగ్గర చిన్న చేపల చెరువు పెట్టుకున్నాడు. నోరు ఎంత పెద్దదో మనసూ అంత పెద్దది. మాస్టారంటే ఆయనకు గురి. "మా బావగారు అడవిలోకి వెళ్ళాడంటే చీమ కూడా చెయ్యెత్తి హాజరు చెప్పాల్సిందే" అని వీధిలో అందరికీ చెబుతుంటాడు. ఒక ఆదివారం భోజనాలయ్యాక పెరట్లోకి తీసుకెళ్ళి చిరిగిన వల చూపించాడు.

"చూశారా బావగారూ, ఇది ఈ నెలలో మూడో వల. చేప తల ఒడ్డున పెట్టి మిగతాది తినేసి పోతున్నాయి. కుక్కలనుకున్నాను. తీరా చూస్తే నీళ్ళలో మునుగుతాయి, తేలతాయి! మూతికి మీసాలు. ఒడ్డు మీద బురదలో పిల్లల్లా జారుడుబండ ఆడుకుంటున్నాయి. తల్లీ, మూడు పిల్లలూ. ముందు తిట్టాను గానీ, తర్వాత చూస్తూ కూర్చుండిపోయాను."

మాస్టారికి చెప్పకుండానే తెలిసింది. నీటికుక్కలు. ఆ వాగులో ఇక లేవని వాళ్ళ ఆఫీసు రాసుకున్న నీటికుక్కలు. అవి ఉన్నది సరిగ్గా ఆ పదకొండు గళ్ళలోనే.

"బావగారూ, మొహం అలా అయిపోయిందేమిటి? కూరలో కారం ఎక్కువైందా?" అన్నాడు వియ్యంకుడు.

"అబ్బే" అన్నాడు మాస్టారు.

మ్యాపులో ఆ మలుపు తెల్లగా ఉంది. ఆకుపచ్చ అంటే ముట్టుకోకూడదు, పసుపు అంటే ఆలోచించాలి, తెలుపు అంటే మీ ఇష్టం. ఆ తెలుపు చూసే నగర మండలి అక్కడ నాలుగు వరుసల రోడ్డూ, వాగు మీద పెద్ద తూముల వంతెనా గీసింది. ఇంకో పదిరోజుల్లో అభ్యంతరాల సభ. అందులో సంతకం పడితే ఆ వారమే యంత్రాలు దిగుతాయి.

ఆ పదిరోజులూ ఆయన తేలు కుట్టిన దొంగలా తిరిగాడు. మూడుసార్లు డైరెక్టరు గది తలుపు దాకా వెళ్ళాడు. మొదటిసారి లోపల ఎవరో ఉన్నారని వెనక్కొచ్చాడు. రెండోసారి ఎవరూ లేరని వెనక్కొచ్చాడు. మూడోసారి లోపలికి వెళ్ళి ఒకపూట సెలవు అడిగి వచ్చాడు. ఇంట్లో భార్య, "మోకాలు మరీ నొప్పిగా ఉందా?" అని అడిగితే, "నా మోకాలు ఊసెత్తకు!" అని విరుచుకుపడ్డాడు. ఆమె నూనె గిన్నె అక్కడే పెట్టి వెళ్ళిపోయింది. ఆ గిన్నె వంక చూస్తూ కూర్చుని, ఇన్నేళ్ళ వయసులో ఇంత చవటనయ్యానేమిటని ఆయన తనను తానే అసహ్యించుకున్నాడు.

సభ రోజు వచ్చింది. పొడుగాటి హాలు, గోడకు తెర, తెర మీద మ్యాపు. బల్ల దగ్గర కంప్యూటరుతో ఆఫీసు కొత్తమ్మాయి కూర్చుంది. పోయినేడు మాస్టారి దగ్గరే పాఠం విన్న పిల్ల. ఆమె పక్కన మాస్టారు, అటుపక్క డైరెక్టరు. ఎదురుగా మండలి అధ్యక్షురాలూ, రోడ్ల ఇంజనీరూ.

జనంలోంచి మొదట లేచింది వియ్యంకుడే. చిరిగిన వల సంచీలోంచి తీసి చూపించాడు. మీసాల సంగతీ, జారుడుబండ సంగతీ చెప్పాడు. "రోడ్డు వేస్తే నా చెరువు పోతుందని మీరనుకుంటారు, పోతే పోనివ్వండి, ఇంకోచోట తవ్వుకుంటాను. ఆ తల్లీపిల్లలు ఎక్కడికి పోతాయమ్మా?" అన్నాడు.

ఇంజనీరు ఓపికగా విన్నాడు. చెడ్డవాడేమీ కాదు. "అయ్యా, మీరు చూసింది ఏ పెంపుడు కుక్కో, పందికొక్కో అయ్యుంటుంది. ఈ గళ్ళు సర్వే చేసింది ఎవరో కాదు, ఇదిగో ఈ మాస్టారు. స్వయంగా వెళ్ళి చూసి సున్నా వేశారు. ఆయన సున్నా వేస్తే మేం మళ్ళీ అడగం" అన్నాడు.

వియ్యంకుడు గిరుక్కున మాస్టారి వైపు తిరిగాడు. ఆ గళ్ళు చూసింది ఈయనేనని ఆయనకు అప్పటిదాకా తెలియదు. చేతిలో వల వంక ఒకసారి చూసుకున్నాడు.

"బావగారే చూశారా?" అన్నాడు మెల్లిగా. "బావగారు చూసి లేవన్నారంటే ఇక లేనట్టేనండి. నాకు చూపు సరిగా ఆనదు కదా. ఏ కుక్కపిల్లలనో చూసి అలా అనుకున్నానేమో. మీ టైము వృథా చేశాను, ఏమనుకోకండి."

వల మడత పెట్టుకుంటూ కూర్చున్నాడు. రోజూ కళ్ళారా చూసినదాన్ని, ఈయన చూడనిదాని కోసం కాదనుకున్నాడు. మాస్టారికి తల కొట్టేసినట్టయింది. ఎవరైనా లేచి నాలుగు తిట్లు తిడితే అంత కష్టంగా ఉండేది కాదు.

అధ్యక్షురాలు పెన్ను తీసింది. మాస్టారు లేచాడు.

"ఒక్క మాటండీ. ఆ గళ్ళ విషయంలో... పొరపాటు జరిగి ఉండవచ్చు."

"ఎవరి పొరపాటు?" అంది ఆమె.

దొంగమాట అంటే అదే. పొరపాటు జరిగిందట, దానంతటదే నడిచొచ్చి జరిగిందట!

"నాదే. ఆ పదకొండు గళ్ళు నేను చూడలేదు. చూడకుండానే సున్నాలు వేశాను."

ఇంజనీరు నవ్వాడు. "మాస్టారూ, మీ మనసు మాకు తెలుసు. పిల్లనిచ్చిన ఇల్లు. చెరువు పోతుంటే చూస్తూ ఊరుకోలేరు. కానీ ఇలా మీ మీద మీరే బురద జల్లుకుంటారా?"

వెనక నుంచి అవునవునన్నారు. డైరెక్టరు ఆయన చొక్కా పట్టి లాగి, "కూర్చోండి మాస్టారూ, ఈ వయసులో మీకిదేం ఖర్మ" అని గొణిగాడు. వియ్యంకుడైతే లేచి నిలబడ్డాడు, కళ్ళలో నీళ్ళు.

"వద్దు బావగారూ! నా కోసం మీ మాట పోగొట్టుకోకండి. ముప్ఫై ఏళ్ళు సంపాదించుకున్న పేరు. చెరువుదేముంది, గుంట!"

అబద్ధం రాసిన రోజున ఒక్కరూ అనుమానించలేదు. నిజం చెప్పిన రోజున ఒక్కరూ నమ్మడం లేదు. పైపెచ్చు త్యాగమూర్తిని చేసి కూర్చోబెడుతున్నారు. కూర్చుంటే చాలు, గౌరవం రెట్టింపవుతుంది. ఒక్క క్షణం, నిజంగా ఒకే ఒక్క క్షణం, ఆయనకు కూర్చోవాలనిపించింది. అలా అనిపించినందుకు మిగతా అన్నిటికంటే ఎక్కువ సిగ్గేసింది.

"అమ్మాయ్" అన్నాడు కొత్తమ్మాయితో. "ఆ రోజు నేను నడిచిన గీత తెర మీద పెట్టు."

సర్వేకి వెళ్ళినవాళ్ళ చేతిలో జీపీఎస్ యంత్రం ఉంటుంది. మనిషి ఎటు వెళితే అటు గీత గీస్తుంది, టైముతో సహా. మామూలుగా ఆ గీతలు ఎవరూ తెరిచి చూడరు, మాస్టారివి అసలే చూడరు. ఆ పిల్ల వేళ్ళు కదలలేదు.

"చూశానండీ" అంది తలెత్తకుండా. "చేరిన కొత్తలోనే చూశాను. ఆ రోజు మీ యంత్రం పాడైంది కదండీ? అలాగే అనుకున్నాను. పాడైందనే ఫైల్లో రాశాను."

ఆమె ఆయనకు దారి ఇస్తోంది. ఇచ్చిందే కాదు, ఏడాది కిందటే తన చేత్తో రాసి పెట్టింది. ఈయన చేతికి అంటిన మసి ఆ పిల్ల చేతికి కూడా అంటింది.

"యంత్రం బాగానే ఉందమ్మా. నేనే ఒడ్డు దిగలేదు. పెట్టు."

గీత తెర మీదికొచ్చింది. వాగు పక్కనే ఎర్రగా వంకర్లు తిరుగుతూ, ప్రతి గడినీ తాకుతూ వచ్చి, మలుపు దగ్గర దారానికి పడ్డ ముడిలా ఒకేచోట సుడులు తిరిగింది. ఒంటిగంట పది నుంచి మూడు గంటల దాకా. ఆ తర్వాత రోడ్డు వెంట జీపు వేగంతో దూసుకుపోయింది. మధ్యలో పదకొండు గళ్ళు తెల్లగా ఉన్నాయి. వాటిలో పదకొండు సున్నాలు, ఆయన చేతిరాత లాగే గుండ్రంగా.

ఇప్పుడు ఎవరూ నవ్వలేదు. ఇంజనీరు తల వంచుకుని కాగితాలు సర్దుకున్నాడు. అధ్యక్షురాలు పెన్ను మూత పెట్టింది. ఆ పదకొండు గళ్ళనూ ఖాళీ చేయాలనీ, వేరే మనిషి వెళ్ళి చూసేదాకా రోడ్డు ఆపాలనీ చెప్పింది. కొంచెం ఆగి, "ఈయన ఇప్పటిదాకా వేసిన సున్నాలన్నీ కూడా మళ్ళీ చూడాల్సిందే కదా?" అని డైరెక్టరును అడిగింది. డైరెక్టరు మాస్టారి వైపు చూడకుండా అవునన్నాడు. ముప్ఫై ఏళ్ళ సున్నాలు. వాటిలో ఈ పదకొండు తప్ప అన్నీ నిజమైనవేనని మాస్టారికి తెలుసు. తెలిసి ఏం లాభం? ఆ మాట ఇక ఎవరు నమ్ముతారు? కొత్తమ్మాయి సున్నాలు ఒక్కొక్కటే చెరిపేస్తూ ఉంటే, ఆయన నిలబడే చూశాడు.

బయటికి వచ్చేసరికి జనం గుంపులు గుంపులుగా నిలబడి ఉన్నారు. ఈయన్ని చూసి మాటలు ఆపారు. హాలు ముందు పదిహేను మెట్లు. మాస్టారు పై మెట్టు మీద ఆగిపోయాడు.

వియ్యంకుడు వల సంచీ భుజాన వేసుకుని పక్కకొచ్చాడు.

"ఎందుకు దిగలేదు?" అని అడిగాడు. 'బావగారూ' అనలేదు.

"మోకాలు."

"మోకాలా?"

"దిగలేకపోయాను. దిగలేనని చెప్పడానికి నామోషీ వేసింది."

వియ్యంకుడు ఆ మాట నమలలేక మింగలేక అన్నట్టు చూశాడు. "ఇంతేనా? ఒక్క ఫోను చేస్తే నేనొచ్చి దిగి చూసేవాణ్ణి కదండీ. దాందేముంది?" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు, అదే మాస్టారికి భరించరానిదైంది. తర్వాత వియ్యంకుడు సంచీ ఇంకో భుజానికి మార్చుకుని, చెయ్యి చాచాడు.

రెండేళ్ళ కిందట ఒక్క డ్రైవరు ముందు వద్దన్న చెయ్యి అది. ఇప్పుడు సగం ఊరు చూస్తోంది. మాస్టారు ఆ చెయ్యి పట్టుకుని, ఒక్కో మెట్టూ ముందు ఎడమకాలు వేసి, తర్వాత కుడికాలు ఈడ్చుకుంటూ, పదిహేను మెట్లూ దిగాడు.