మా పేట మీద కేసు

చౌడయ్య బాబాయి శవాన్ని నులకమంచం మీద వేసి, ఆ మంచాన్ని నలుగురు భుజాల మీదికి ఎత్తుకుని నీళ్ళలో నిలబడ్డారు. దించుదామంటే పేటలో ఆరిన నేల లేదు. ఎగువ వీధి టీకొట్టులో టీవీ మాత్రం మాకు వినపడేంత గట్టిగా మోగుతోంది. "లోతట్టు ప్రాంతాల్లో నీరు పూర్తిగా తొలగిపోయింది. తుఫాను బాధితులందరికీ సాయం అందింది" అని ఎవరో పెద్దాయన చెబుతున్నాడు.

తెనాలి మార్కెట్ హమాలీ అన్నల్లారా, బాపట్లలో చదువుకుంటున్న పిల్లల్లారా, ఆ మాట మీరూ వినే ఉంటారు. నేను ఆ మంచం పక్కన నడుములోతు నీళ్ళలో నిలబడి విన్నాను. నా పేరు అనసూయ. పెనుమూడి దిగువన కట్టకింద పేట మాది. నాట్లకూ కోతలకూ మా పేట ఆడకూలీల ముఠాను తీసుకెళ్ళేది నేనే. కోపం దాచుకుని చెప్పడం నాకు చేతకాదు, కాబట్టి కోపంతోనే చెబుతాను.

తుఫాను మాకు కొత్త కాదు. నీళ్ళు వస్తాయి, పేట వెనక మురుక్కాలువలో పడి సముద్రం వైపు పోతాయి. ఈసారి పోలేదు. మొన్న వేసవిలో రొయ్యల చెరువుల వెంకటరత్నం తన మేత లారీలు తిరగడానికి ఆ కాలువకు అడ్డంగా గట్టు పోయించాడు. తూము పెట్టమని అప్పుడే అడిగాం. "పెడతాలే" అన్నాడు. నీటి మీద రాత. తూమూ లేదు, దారీ లేదు. గట్టుకు అవతల ఆయన చెరువులు, ఇవతల మా పేట, మధ్యలో పోవడానికి చోటులేక ఆగిపోయిన తుఫాను.

సాయం సంగతి చెప్పాలి. అధికార పార్టీ వాళ్ళు వచ్చి ప్రతి గడపకూ బియ్యం ఇచ్చామన్నారు. అవతలి పార్టీ వాళ్ళు వచ్చి ఒక్క గింజ కూడా ఇవ్వలేదన్నారు. ఇద్దరూ మా ముసలమ్మల్ని పక్కన నిలబెట్టుకుని ఫోటోలు దిగారు. ఇద్దరిదీ అబద్ధమే. ఇచ్చారు, ఎగువ వీధిలో, డాబా ఇళ్ళకు ఇచ్చారు. మాకెందుకివ్వలేదని రేపల్లె వెళ్ళి అడిగితే తాసిల్దారు రవిశంకర్ గారు ఫోన్ తిప్పి చూపించాడు.

"ఇదిగోనమ్మా మీ పేట. డ్రోనుతో తీసిన ఫోటో. పచ్చగా ఉంది, నీళ్ళెక్కడున్నాయి?"

"అది గుర్రపుడెక్క సార్! వరదతోపాటు కొట్టుకొచ్చి పేటంతా కప్పేసింది. దానికింద నీళ్ళున్నాయి."

"నాకు తెలుసా తెలియదా అన్నది కాదమ్మా. ఫోటోలో నీళ్ళు కనపడాలి. డ్రోను మళ్ళీ పంపిస్తాను. అప్పటిదాకా ఆ గట్టు జోలికి మాత్రం పోకండి. నీళ్ళు పోయాయంటే మీరు బాధితులే కారు."

చూశారా ఎంత చక్కగా బిగించాడో! నీళ్ళు ఉంటే బతకలేం, పోతే సాయం లేదు. మేం చేసిన పిచ్చిపని చెబితే నవ్వుతారు. మా కొంపలు ముంచిన నీళ్ళకు మేమే కాపలా కాశాం. ఎవరూ గట్టు మీద పార వెయ్యకుండా మా పేట పెద్ద తోమాసు బావ మనుషుల్ని పెట్టాడు. మిగిలినవాళ్ళం నీళ్ళు పైకి కనపడేలా గుర్రపుడెక్క లాగి పక్కకు పోశాం. పొద్దున లాగితే సాయంత్రానికి మళ్ళీ మూసుకునేది. పిల్లలకు జ్వరాలు, నానిన కాళ్ళకు పుళ్ళు. డ్రోను చప్పుడు వినపడుతుందేమోనని ఆకాశం వైపు చూస్తూ లాగాం.

గట్టు కాపలా దిగి వచ్చి అలా లాగుతుండగానే డెక్కలో ఉన్న కట్లపాము చౌడయ్య బాబాయిని కాటేసింది. అంబులెన్సు పేటలోకి రాలేనంది. మంచం మీద వేసుకుని రోడ్డెక్కేసరికే ఆయన కళ్ళు తేలేశాడు. రేపల్లె ఆసుపత్రిలో పోయాడన్నారు. శవాన్ని ఇచ్చేటప్పుడు అక్కడికి వచ్చిన రెవెన్యూ ఉద్యోగి నెమ్మదిగా చెప్పాడు, పాముకాటు తుఫాను మరణం కిందికి రాదని.

ఇప్పుడు మంచం దగ్గరికి వస్తాను. మా శ్మశానం కూడా నీళ్ళకిందే ఉంది. బాబాయి అమ్మానాన్నలు, చిన్నప్పుడే పోయిన ఆయన కూతురు అక్కడే ఉన్నారు. ఆయన పెళ్ళాం వెంకాయమ్మ పిన్నికి ఒకటే పట్టు. కూతురి పక్కన మట్టిలో పెట్టాలి. శవం అప్పటికే ఉబ్బుతోంది. భుజాలు పడిపోతుంటే మంచాన్ని తీసుకెళ్ళి దగ్గరలో ఉన్న ఒక్క ఆరిన చోట దించాం. వెంకటరత్నం గట్టు మీద.

మేత లారీ ఆగిపోయింది. కాసేపటికి కారులో ఆయనే దిగాడు.

"ఏరా తోమాసూ, శవాన్ని తెచ్చి దారికడ్డం పెడతారంట్రా? తియ్యండి, లోడు పోవాలి."

"దించడానికి చోటు లేదయ్యా" అన్నాడు తోమాసు బావ.

"చోటు లేకపోతే నా గట్టే దొరికిందా? ఎగువ శ్మశానంలో అడుక్కోండి."

ఎగువ శ్మశానంలోకి మమ్మల్ని ఎప్పుడు రానిచ్చారు? ఆ మాట ఆయనకూ తెలుసు. అరగంటలో దారి ఇవ్వాలని చెప్పి కారెక్కాడు.

పేటంతా మంచం చుట్టూ చేరింది. మా పేట కుర్రాడు ఆదాము ముందుగా అరిచాడు.

"ఇంకా చూసేదేంటి? గట్టు కోసేద్దాం! నీళ్ళు పోతే శ్మశానం తేలుద్ది."

"నోరు ముయ్యరా!" అన్నాడు తోమాసు బావ. "రేపు డ్రోను వత్తదంట. ఇన్నాళ్ళు ఓర్చుకున్నాం. ఇప్పుడు నీళ్ళొదిలేస్తే బియ్యమూ పోద్ది, ఇళ్ళకిచ్చే పరిహారమూ పోద్ది. పైగా జైలు. పిల్లలకేం పెడతావు, నీ పారా?"

"రేపన్న మాట ఎన్నిసార్లు విన్నాం బావా?" అన్నాన్నేను.

"వినకేం చేద్దాం అనసూయా? వాళ్ళ చేతిలో ఉంది, మన చేతిలో ఏముంది?"

ఆయన చెప్పింది అబద్ధం కాదు. కోస్తే ఆకలి, కోయకపోతే రోగం. ఎటు తిరిగినా గోడే. ఆడవాళ్ళు ఏడవడం మొదలుపెట్టారు. నాకు ఆ ఏడుపు మీద కూడా కోపమొచ్చింది.

మంచం దగ్గర కూర్చుని ఈగలు తోలుతున్న వెంకాయమ్మ పిన్ని తలెత్తింది. ఆమె ఎప్పుడూ మీటింగులో నోరు తెరిచింది లేదు.

"తోమాసూ, నీళ్ళు పోకుండా మా ఆయన్ని కాపలా పెట్టావు. ఆయన పోయాడు. నీళ్ళున్నాయి. రేపటికి ఇంకెవర్ని పెడతావయ్యా?"

ఆమె మంచం కోడు పట్టుకుని లేచింది.

"వాళ్ళకి కనపడాలని మనం ములిగి సచ్చేదేంటి? వాళ్ళు చూత్తే చూత్తారు, లేకపోతే లేదు. నా మనిషిని మట్టిలో పెట్టాలి. నాకు పార ఇవ్వండి."

పార అందుకున్నది మొదట ఆమె. తరవాత ఆదాము, తరవాత నేను, తరవాత ఎవరెవరో లెక్కలేదు. ఉపాధి పనిలో మట్టి తవ్వి తవ్వి ఉన్న చేతులు మావి. తట్టలు చేతులు మారాయి. తోమాసు బావ కాసేపు ఒక్కడే నిలబడ్డాడు. తరవాత చొక్కా విప్పి మంచం కోడుకు తగిలించి, గునపం తీసుకున్నాడు. "అక్కడ కాదురా, ఇక్కడ. కాలువ నడిమధ్యన" అని చోటు చూపించాడు. లారీ డ్రైవరు కిందికి దిగి, మమ్మల్ని తిట్టకుండా బీడీ ముట్టించుకుని దూరంగా కూర్చున్నాడు.

మంచాన్ని గట్టు చివరికి జరిపాం. మొదట చిన్న పాయ వచ్చింది. చూస్తుండగానే గట్టు విరిగి పడింది. ఆ హోరు విని పిల్లలు కేకలు పెట్టారు. గుర్రపుడెక్క తుట్టెలు తుట్టెలుగా కదిలి పోతుంటే నాకు ఒళ్ళు పులకరించింది. ఆ నీళ్ళు కాలువ నిండి వెంకటరత్నం పల్లపు చెరువులోకి కూడా పొర్లాయి. అబద్ధమెందుకు చెప్పాలి, అది చూసి కూడా నాకు సంతోషమే అయింది.

పొద్దువాలే వేళకు శ్మశానం తేలింది. గొయ్యి తవ్వుతుంటే నీరు ఊరింది. ఆడవాళ్ళం బిందెలతో తోడి పోశాం. బాబాయిని కూతురి పక్కనే పెట్టాం. పిన్ని చివరి పిడికెడు బురద వేసి చేతులు చీరకు తుడుచుకుంది. అప్పటికే ఏటికట్ట మీద పోలీసు వ్యాను ఆగి ఉంది. ఎస్సై పక్కన తాసిల్దారు రవిశంకర్, ఆయన పక్కన వెంకటరత్నం.

"గట్టు ఎవరు కోశారు?" అన్నాడు ఎస్సై.

"మేమేనండి" అంది పిన్ని.

వెంకటరత్నం ఊగిపోతున్నాడు. "పేట నిండా నడుములోతు నీళ్ళు సార్! అన్ని నీళ్ళూ ఒక్కసారే నా చెరువు మీదికి తోలారు. పట్టుబడికి వచ్చిన రొయ్య మొత్తం పోయింది. రాసుకోండి!"

పిన్ని ఆయనకు దగ్గరగా వెళ్ళింది. "ఎంత లోతు అన్నారయ్యగారూ?"

"నడుములోతు! కళ్ళారా చూశాను."

"విన్నారా తాసిల్దారు గారూ? మీరు లేవన్నారు, ఆయన నడుములోతు అంటన్నారు. నీళ్ళే లేకపోతే ఆయన చెరువు దేంతో మునిగిందండి?"

తాసిల్దారు బూట్లకు అంటిన బురద చూసుకున్నాడు. ఎస్సై "మాటలొద్దు, ఎక్కండి" అన్నాడు. పిన్నిని, తోమాసు బావని, ఆదాముని, నన్ను ఎక్కించారు. మిగతా పేట వ్యాను వెనక నడిచింది.

రేపల్లె స్టేషన్లో అసలు తమాషా చూశాం. తాసిల్దారు ఎస్సై చెవి దగ్గర వంగి, నీళ్ళ ప్రస్తావన లేకుండా కేసు రాయమన్నాడు. వెంకటరత్నం ఎగిరిపడ్డాడు. "నీళ్ళు లేకుండా రాస్తే నా నష్టపరిహారం ఎవడిస్తాడు? నడుములోతు అనే రాయాలి!" నిన్నటిదాకా ఒకే కారులో తిరిగిన ఇద్దరూ మా ముందే కొట్లాడుకున్నారు. ఎస్సై పెన్ను పట్టుకుని ఇటూ అటూ చూశాడు. "నడుములోతే రాయండి సార్, సంతకం మేమూ పెడతాం" అని వెనక నుంచి తోమాసు బావ అరిచాడు.

మమ్మల్ని గదిలో వేసి తాళం పెట్టారు. అక్కడ కూర్చోవడానికి కూడా చోటు చాలదు, చీరల మీద బురద ఆరి బిగుసుకుంటోంది. భయం లేదని చెప్పను. అప్పుడు బయట గోల మొదలైంది. మా పేటవాళ్ళు కాదు. దిగువ పేట వాళ్ళు, మోకాళ్ళ దాకా బురదతో, పారలు భుజాన వేసుకుని వచ్చారు. ముందున్న ముసలామె మెట్లెక్కింది.

"సార్, మా పేటలో కూడా నీళ్ళున్నాయండి. వీళ్ళని చూసి మా కాలువ మీది గట్టు మేం కూడా కోసి వచ్చాం. మా మీద కూడా కేసు రాయండి."

ఆమె వెనక ఇంకో పేట, రోడ్డు మీద ఇంకో గుంపు. ఎస్సై కుర్చీలోంచి లేచాడు.

"ఇలాంటి పేటలు ఇంకా ఎన్నున్నాయమ్మా?"

వెంకాయమ్మ పిన్ని ఊచల వెనక నుంచి జవాబు చెప్పింది.

"సముద్రం దాకా ఉన్నాయండి."